వెనకనుంచి హఫీజా

బందరు ఇనగుదురుపేటలో సలాం కుట్టు దుకాణానికి సినిమావాళ్ళు రావడం అదే మొదలు. వచ్చింది ఇద్దరు. ఒకాయన గుడివాడ హైస్కూల్లో తెలుగు చెప్పే బాలస్వామి మాస్టారు. పిల్లల చేత నాటకాలు వేయించీ వేయించీ, అవి చాలక, సినిమా తీస్తానని ఉద్యోగానికి సెలవు పెట్టేసిన మనిషి. రెండో ఆయన మొవ్వ రైతు పున్నయ్య. నాటకాల రోజుల నుంచీ మాస్టారికి ప్రాణస్నేహితుడు. ఇద్దరూ కలిసి గుడివాడలో ఒక వడ్ల కొట్టు మీది గదికి 'దివి పిక్చర్స్' అని బోర్డు కట్టారు. వాళ్ళకి స్టూడియో లేదు, సెట్టింగుల్లేవు. కథంతా దివిసీమలో ఆరుబయటే తీస్తారట. కెమెరా, దాన్ని తిప్పే మనిషీ మట్టుకు మద్రాసు నుంచి వస్తారట.

"బట్టలు మీరే కుట్టిపెట్టాలి సలాం గారూ," అన్నాడు మాస్టారు.

సలాం కుట్టేది మగవాళ్ళ బట్టలు. జాకెట్లన్నీ లోపల తెర వెనక కూర్చుని అతని చెల్లెలు హఫీజా కుడుతుంది. ఆమెను పెడనలో అద్దకం పని చేసే ఖాసింకి ఇచ్చారు. కాపురం నిండా మూడేళ్ళు కాకుండానే ఖాసిం విషజ్వరంతో పోయాడు. "అన్న దగ్గర కొన్నాళ్ళుండి రా," అని అత్తగారు మస్తాన్‌బీ పంపించింది. ఆ కొన్నాళ్ళు కాస్తా ఏళ్ళయ్యాయి. అటునుంచి కబురు రాలేదు, ఇటునుంచి ఈమె వెళ్ళలేదు.

తెర వెనక మిషను చప్పుడు ఆగింది. "ఆ అమ్మాయి ఏం పని చేస్తుందండీ?" అని హఫీజా గొంతు వినిపించింది.

"ఏ అమ్మాయమ్మా?"

"మీ కథలో అమ్మాయి. చేలో వంగి పనిచేసే మనిషైతే చంకల దగ్గర వదులు పెట్టాలి కదా."

మాస్టారికి ఆ ప్రశ్న ఎంత నచ్చిందంటే, అక్కడే బల్ల మీద కూర్చుని కథ మొత్తం చెప్పేశాడు. నాగాయలంక అవతల లంకలో ఒక రైతు ఇంటి కోడలు. మంచి పనిమంతురాలు. ఇంట్లో పడరాని మాట పడి, ఎవరికీ చెప్పకుండా గట్టు పట్టుకుని రేవుకి వెళ్ళి పడవెక్కుతుంది.

"తర్వాత?" అంది హఫీజా.

"తర్వాతది ఇంకా తేలలేదమ్మా," అన్నాడు మాస్టారు.

"తేలకపోవడమేంటి? తిరిగొస్తుంది," అన్నాడు పున్నయ్య. "రాకపోతే మా మొవ్వలో ఆడవాళ్ళు నన్ను ఊళ్ళోకి రానివ్వరు."

"రాదు పున్నయ్యా. వస్తే ఇక కథేముంది?"

ఇద్దరూ వాదించుకుంటూనే జీపెక్కారు. హఫీజా తెర సందులోంచి ఆ జీపు మలుపు తిరిగేదాకా చూసింది. సినిమా తీసేవాళ్ళకే ఆ సినిమాలో ఏమవుతుందో తెలియదన్న సంగతి ఆమెకి భలే విడ్డూరంగా తోచింది.

కొలతలు సరిచెయ్యడానికి మనిషి దగ్గరుండాలి కాబట్టి, షూటింగు మొదలయ్యాక మేనత్త సలీమాను తోడు తీసుకుని హఫీజా కూడా నాగాయలంక వెళ్ళింది. చూసే కొద్దీ ఆమెకు సందేహాలే. ఎండలో నిలబెట్టి వెన్నెల ఎలా తీస్తారు? ఏడుపు ముందు తీసి, దానికి కారణం రేపు తీస్తే, ఇవాళ ఆ పిల్లకి ఏడుపెలా వస్తుంది? అడిగితే విసుక్కోకుండా మాస్టారు చెప్పేవాడు. తనకీ తెలియకపోతే కెమెరామన్‌ని అడిగి వచ్చి మరీ చెప్పేవాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా, మద్రాసు నుంచి వచ్చిన హీరోయిన్‌కి ఆటలమ్మ పోసింది. వాళ్ళ మావయ్య వచ్చి కారులో తీసుకుపోయాడు. మిగిలిందల్లా ఆ కోడలు ఇల్లు విడిచి గట్టు మీద నడిచి వెళ్ళిపోవడం. కథకి ప్రాణమే అది. కెమెరానేమో ఇంకెన్నాళ్ళో అట్టిపెట్టుకునే వీల్లేదు.

పున్నయ్య తలపట్టుకుని చెట్టు కింద కూలబడ్డాడు. అప్పుడే హఫీజా ఉతికిన చీరలు ఆరేస్తోంది. హీరోయిన్ కట్టిన నేత చీర భుజమ్మీద వేసుకుని అటు తిరిగి నిలబడింది. మాస్టారు అటు చూసినవాడు చూసినట్టే ఉండిపోయాడు. అదే పొడుగు, అవే భుజాలు, అదే జడ.

దగ్గరికి వచ్చి నీళ్ళు నమిలాడు. "హఫీజమ్మా, ఒక మాట అడుగుతాను. తప్పయితే మన్నించు. గట్టు మీద నడిచేటప్పుడు ఆ అమ్మాయి ముఖం కనపడదు. వెనకనుంచే తీస్తాం. నువ్వు గనక..."

"నా వీపు సినిమాలోనా?" హఫీజాకి నవ్వొచ్చింది.

సలీమాకి రాలేదు. ఆమె పందిరి కిందికి హఫీజాను లాక్కెళ్ళింది. "మీ అన్నకి ఏం చెబుతావు? పేటలో ఏమంటారు?"

"ముఖం కనపడదు కదత్తా. నేనని ఎవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియనిదానికి చెయ్యడం దేనికి?"

"నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదత్తా. నడుస్తుంటే ఎలా ఉంటానో చూడాలనుంది," అంది. కొంగు తలమీంచి జారకూడదని సలీమా ఒక్క షరతు పెట్టి ఊరుకుంది.

సాయంత్రం చినుకులు పడి ఆగాయి. గట్టంతా బురద. హఫీజా నేత చీర కట్టుకుని, హీరోయిన్ చెప్పులు తొడుక్కుని నిలబడింది. మొదటిసారి ఎవరో తరుముతున్నట్టు నడిచింది. రెండోసారి కొంగు గురించే ధ్యాస. మాస్టారు వచ్చి నెమ్మదిగా అడిగాడు, ఏమిటి ఇబ్బంది అని.

"ఆవిడ మళ్ళీ వద్దామనుకుని వెళ్తోందాండీ, రాకూడదనుకుని వెళ్తోందా?"

మాస్టారు పున్నయ్య వంక చూశాడు. పున్నయ్య మాస్టారి వంక చూశాడు. "నీకేం తోస్తే అదేనమ్మా," అన్నాడు మాస్టారు చివరికి.

హఫీజాకి పెడన గుర్తొచ్చింది. ఆ రోజూ వానే. వీధిలో అద్దకం నీళ్ళు, వాన నీళ్ళు కలిసి ఎర్రగా పారుతున్నాయి. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. తను స్టేషను దాకా ఒక్కతే నడిచింది. ఆ రోజు తను మళ్ళీ వద్దామనుకుందో లేదో ఎంత తవ్వుకున్నా ఆమెకి గుర్తు రాలేదు.

"రెడీ," అని కేక వినిపించింది. హఫీజా నడిచింది. నాలుగడుగులు వేశాక చెప్పు బురదలో దిగబడింది. ఆగి, వంగి, రెండు చెప్పులూ తీసి చేత్తో పట్టుకుని, రేవు దాకా అలాగే వెళ్ళిపోయింది. చెప్పులు తియ్యమని ఎవరూ చెప్పలేదు. కెమెరామన్ మళ్ళీ తీద్దామన్నాడు. మాస్టారు అక్కర్లేదన్నాడు.

కూర్పు పూర్తయి, సినిమా గుడివాడలో ఆడింది. కథ సరిగ్గా ఆ గట్టు మీదే ముగించేశాడు మాస్టారు. హాల్లోంచి బయటికొచ్చిన జనం రోడ్డు మీద నిలబడి తగువులాడుకున్నారు. చెప్పులు పాడవకుండా చేత్తో పట్టుకున్న మనిషి మళ్ళీ రాకుండా ఉంటుందా అన్నారు కొందరు. చెప్పులు కూడా వదలకుండా పట్టుకుపోయిన మనిషి ఇంకేం వస్తుందన్నారు మరికొందరు. పున్నయ్య హాలు బయట కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి ఈ మాటలన్నీ విని, మొవ్వ వెళ్ళి తన వైపు వాదనే గెలిచిందని చెప్పుకున్నాడు.

సినిమా బందరు వచ్చినప్పుడు హఫీజా, సలీమా మధ్యాహ్నం ఆటకి వెళ్ళారు. గట్టు వచ్చేసరికి హఫీజా ముందుకి వంగి చూసింది. ఆ పోయే మనిషి ఎవరో తనకేమీ తెలియనట్టే ఉంది. ఎడమ భుజం కొంచెం కిందికి ఉంది. అడుగు తను అనుకున్నంత మెత్తగా లేదు, గట్టిగానే పడుతోంది. తనకి ఇంత బలముందా అనుకుంది. పక్కన సలీమా ముక్కు చీదుతోంది. "ఎక్కడికి పోతోందే ఆ పిల్ల? ఒక్కరన్నా ఆపరేం?" అంది, అది హఫీజా అన్న సంగతే మర్చిపోయి.

మరుసటేడు దివి పిక్చర్స్ రెండో సినిమాకి అచ్చు అద్దిన దుప్పట్లు కావలసి వచ్చాయి. పెడనే వెళ్ళాలి. సలాం తను వెళ్తానన్నాడు. హఫీజా ఒప్పుకోలేదు. రంగులు తనే చూడాలంది.

రైలు దిగి, దుప్పట్ల పని చూసుకున్నాక, కాళ్ళు ఆ వీధిలోకే తీసుకెళ్ళాయి. మస్తాన్‌బీ అరుగు మీద బియ్యం ఏరుతోంది. బాగా వడిలిపోయింది. బురఖా ముసుగు తీసిన కోడల్ని చూసి ఆశ్చర్యపోలేదు.

"సినిమాలో గట్టు మీద పోయింది నువ్వేగా?" అంది.

హఫీజా అరుగు అంచున కూర్చుండిపోయింది. "మీకెవరు చెప్పారు అత్తమ్మా?"

"ఎవరు చెప్పాలి? ఆ రోజు నువ్వు వీధి మలుపు దాటేదాకా గుమ్మంలో నిలబడి చూసింది నేను. వెనకనుంచి నువ్వు నాకు తెలియవూ?" చేట పక్కన పెట్టింది. "వెనక్కి తిరిగి చూస్తావేమో, చూస్తే పిలుద్దామనుకున్నా. చూడలేదు. తర్వాత కబురంపుదామంటే ఏ ముఖంతో పంపను? నిన్ను పంపించేసినదాన్ని నేనే."

హఫీజాకి ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. ఒక్క సంగతి మాత్రం అడగాలనిపించింది. "సినిమాలో ఆవిడ తిరిగొస్తుందనుకున్నారా?"

"ఏమో. రెండోసారి చూస్తే తెలుస్తుందని మళ్ళీ వెళ్ళా. తెలియలేదు." మస్తాన్‌బీ లేచింది. "టీ పెడతాను, తాగి వెళ్ళు."

టీ తాగి సాయంత్రం బండికి హఫీజా బందరు వచ్చేసింది. పండక్కి మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత నెలకోసారైనా వెళ్ళేది.

దివి పిక్చర్స్ రెండో సినిమా సగంలో ఆగిపోయింది. మాస్టారు బడికి, పున్నయ్య పొలానికి వెళ్ళిపోయారు. ఎప్పుడు కలిసినా మూడో కథ గురించి మాట్లాడుకునేవారు గానీ బోర్డు మళ్ళీ కట్టలేదు. హఫీజా ఇప్పుడు తెర తీసేసి దుకాణం ముందు భాగంలోనే మిషను వేసుకుంది. మస్తాన్‌బీకి చూపు మందగించాక ఆమెను బందరు తెచ్చి తన దగ్గరే ఉంచుకుంది. శుక్రవారం కొత్త సినిమా వస్తే అత్తాకోడళ్ళిద్దరూ ఆదివారం మధ్యాహ్నం ఆటకి వెళ్ళేవారు. బొమ్మ సరిగ్గా కంటికి ఆనక ముసలామె మోచేత్తో పొడుస్తూ, "ఇప్పుడేమైందే? ఎవరొచ్చారు?" అని అడుగుతూనే ఉండేది. హఫీజా తెరమీంచి చూపు తిప్పకుండా, వెనక వరసలో ఆడవాళ్ళు విసుక్కుంటున్నా లెక్కచెయ్యకుండా, ఒక్కొక్కటే చెబుతూ ఉండేది.