పాలతో పాటు పొంగిన గోడ

వినైల్ గోడ విషయంలో తప్పంతా నాదే. బిగించిన మనిషి చెప్పాడు, నేను వినలేదు. పేరులోనే 'విను' అని ఉన్న వస్తువును కొనుక్కుని మరీ వినలేదు.

ఆక్లండ్‌లోని మౌంట్ రాస్కిల్‌లో మేం కొన్నది పాత చెక్క ఇల్లు. బయటి చెక్కలు వానకు నాని, వేలితో నొక్కితే కేకులా దిగబడేవి. నాలుగేళ్లకోసారి నిచ్చెనెక్కి రంగులు వేసే ఓపిక లేనివాణ్ని కనుక, వాటిని తీయించి మీగడ రంగు వినైల్ పలకలు, అంటే ఒకరకం ప్లాస్టిక్‌వి, వేయించాను. వెళ్తూ వెళ్తూ ఆ మనిషి, బార్బెక్యూ పొయ్యి మాత్రం గోడకు దూరంగా పెట్టుకోమని రెండుసార్లు చెప్పాడు. మేం శాకాహారులమని, మా ఇంట్లో అలాంటివేవీ ఉండవని గర్వంగా జవాబిచ్చాను. అతను వ్యాన్ ఎక్కి వెళ్లిపోయాడు.

మరుసటి వారమే గృహప్రవేశం. వంటింట్లో ఉన్నది కరెంటు పొయ్యి. మంట కనిపించకపోతే పాలు పొంగించినట్టే కాదని మా ఆవిడ పట్టుదల. లోపల మంట పెడితే స్మోక్ అలారం మంత్రాలకు పోటీ వస్తుందని, క్యాంపింగ్ స్టవ్ ఒకటి తెచ్చి తూర్పు గుమ్మం పక్కన బయట పెట్టాను. ఆక్లండ్ గాలి ఊరుకుంటుందా? మూడుసార్లు ఆర్పేసింది. అప్పుడు నా బుర్ర వెలిగింది. స్టవ్‌ను గోడ వారకు జరిపాను. మంట నిలబడింది. పంతులుగారు కూడా మెచ్చుకున్నారు.

పాలు సలక్షణంగా తూర్పుకే పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక వాసన వచ్చింది. చూస్తే గోడ కూడా పొంగింది. ఒక పలక నడుం దగ్గర ఉబ్బి, జారి, పళ్లు లేని ముసలాయన నోరులా తెరుచుకుంది. గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ, నోరు రావడం చూడటం అదే మొదలు.

అందరికంటే ముందు దాన్ని చూసింది మా ఆవిడ అన్నయ్య. హామిల్టన్‌లో ఉంటారు.

“పంతులుగారు పొంగించమన్నది పాలు కదా బావగారూ, ఇల్లు కాదుగా,” అన్నారు.

ఆ రోజు నుంచి ఆ గోడ ఆయన సొంతమైపోయింది. మా ఇంటికి ఎవరిని వెంటబెట్టుకొచ్చినా, కాళ్ల చెప్పులు విప్పకముందే ఇంటి పక్కకు తీసుకెళ్లి దర్శనం చేయించేవారు. చెప్పిన ప్రతిసారీ మంట జానెడు పెరిగేది. ఈమధ్య కథలోకి ఫైరింజన్ కూడా వచ్చి చేరింది. వాళ్లు లోపలికి వచ్చేసరికి నవ్వు ముఖానికి అంటుకుని ఉండేది. ఆ తర్వాత నేను పైకప్పు గురించి మాట్లాడినా, పిల్లల చదువు గురించి మాట్లాడినా ఎవరో ఒకరి చూపు కిటికీ వైపు పోయేది. నా ఇంట్లో నా మాట ఆ పలకలాగే జారిపోయింది.

పలక మార్చుకోవచ్చు కదా అంటారు. అదే రంగు కొత్తది తెచ్చి పక్కన పెట్టి చూశాను. రెండు ఎండాకాలాలకు గోడ వెలిసిపోయింది. పాత పంచెకు కొత్త మాసిక వేసినట్టుంది. ఆ మాసికే కథ చెప్పమని అడుగుతుంది.

ఇంతలో బావగారి ఫోను. వాళ్ల వీధిలోకి కొత్తగా రెండు తెలుగు కుటుంబాలు దిగాయట. శనివారం వాళ్లకు మా దగ్గరి శాండ్రింగ్‌హామ్‌లో మన సరుకుల కొట్లు, ఆ తర్వాత మా గోడ చూపిస్తారట. ఆ వరసలోనే చెప్పారు.

పక్కింటి పెద్దాయన కివీ, అంటే న్యూజిలాండ్ మనిషి, రిటైరైన వడ్రంగి. కంచె మీదుగా నా గోడు, నా గోడ రెండూ ఆయన ముందు పెట్టాను. ఆయన ఇంటి పొడవునా ఒకసారి నడిచి, గోడ చివరి మూలలో ఆగారు. ఈ మూల పలక కూడా అదే గోడది, అదే ఎండకు వెలిసింది, దీన్ని అక్కడికి, కరిగినదాన్ని ఇక్కడికి మార్చు అన్నారు. కొక్కెంలా వంగిన చిన్న రేకు ఒకటి ఇచ్చారు. పలక అంచు కింద దూర్చి లాగితే, జిప్పు విప్పినట్టు ఊడి వచ్చింది. మేకులు మరీ బిగించవద్దని, ఎండకు పలక సాగడానికి చోటుండాలని చెప్పారు. ఈసారి విన్నాను. కరిగిన పలకను మూలలో బిగించి, దాని ముందు చెత్తడబ్బాలు వరసగా నిలబెట్టాం.

శనివారం బావగారు అనుకున్నట్టే అతిథులను నేరుగా ఇంటి పక్కకు తీసుకెళ్లారు. నేను వంటింటి కిటికీ కొంచెం తెరిచి ఉంచాను. గృహప్రవేశం, గాలి, స్టవ్, ఫైరింజన్ అన్నీ అయ్యాయి. “ఇదిగో,” అన్నారు.

“ఎక్కడండీ?” అన్నాడు ఒకాయన.

బావగారు గోడను అరచేత్తో తడిమారు. రెండడుగులు ముందుకు, మూడడుగులు వెనక్కి వేశారు.

“వేరే వాళ్ల ఇల్లేమో అన్నయ్యగారూ,” అంది ఒకావిడ, మర్యాదగానే.

ఆయన కిటికీ వైపు తిరిగారు. “బావగారూ, ఆ కరిగింది ఏదీ?”

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆయనకు సొంత చెల్లెలు. నా పథకం సంగతి ఆమెకు తెలుసు గానీ, ఏ పక్షమో నాకు అప్పటిదాకా తెలియదు. ఆమె కాఫీ కలుపుతూ, తల ఎత్తకుండానే అడిగింది:

“ఏం కరిగింది అన్నయ్యా?”

నేను కాఫీలు బయటికే తీసుకెళ్లాను. బావగారు తన కప్పు అందుకుని, పోయి మూలనున్న చెత్తడబ్బాకు చేరగిలబడి, గుమ్మం పక్క గోడ వైపే చూస్తూ తాగారు. కాఫీ ఎలా ఉందని అడిగాను. పాలు కాస్త ఎక్కువయ్యాయన్నారు.