రెండు గుక్కల ఎడం

నేల కదిలిన రోజు పొద్దున నేను టీ దుకాణం ముందు బండ మీద కూర్చుని ఉన్నాను. ముందు కింద నుంచి ఎవరో గుద్దినట్టు చిన్న అదురు వచ్చింది. గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. అందరూ కొండవైపు చూశారు. మా ఊరికీ బేస్తవారిపేట పోయే రోడ్డుకీ మధ్య కొండలో కంకర క్వారీ ఉంది. నేల అదిరితే అటు చూడడం మాకు అలవాటైపోయింది. నేను మాత్రం తాగుతూనే ఉన్నాను. రెండు గుక్కలు మింగానో లేదో, ఈసారి నేల పక్కకు ఊగింది. పైన రేకులు కిర్రుమన్నాయి, బండ మీదున్న వాళ్లమంతా గ్లాసులు పట్టుకుని ఇటూ అటూ తూలాం.

"ఇది క్వారీ కాదురా, భూకంపం. ఈడ పుట్టింది కూడా కాదు, యాడనో దూరంలో పుట్టింది" అన్నాను.

"నీకెట్ల తెలుసు పెద్దాయనా? వచ్చే ముందు ఫోన్ చేసినాదా?" అన్నాడు దుకాణం అతను. అందరూ నవ్వారు.

సాయంత్రం టీవీలో ముండ్లమూరు వైపు గట్టిగా కదిలిందని చెప్పారు. అప్పుడు నవ్వులు ఆగిపోయి ప్రశ్నలు మొదలయ్యాయి.

నేను బడిలో చదివినవాణ్ణి కాను. చిన్నప్పుడు మార్కాపురంలో పలకల పనికి పోయి, అమ్మడానికి పనికిరాని విరుగు పలకల మీద అక్షరాలు దిద్దుకున్నాను. తర్వాత చేతికి దొరికిందల్లా చదివాను. అందులో నన్ను బాగా పట్టుకున్నది భూమి కడుపులో సంగతి. పలకరాయిని కొట్టి చూసి లోపల పగులుందో లేదో చెప్పడం మా పనిలో ఉన్నదే. అలా ఒక దేశంలో పుట్టిన అదురును ఇంకో దేశంలో విని, మొత్తం భూమినే కొట్టి చూస్తారని చదివిన రోజు నా ముందున్న అన్నం చల్లారిపోయింది.

మరునాడు దుకాణం దగ్గర అదే చెప్పాను. "గిద్దలూరు స్టేషన్‌లో గూడ్సుకు ఇంజన్ తగిలిస్తే ఏమైతాది? డబ్బా నుంచి డబ్బాకు గుద్దు పోతాది గదా. భూకంపంలో రెండు అలలు పుడతాయి, మొదటిది అట్లాంటిది. రాయిలో పోతుంది, నీళ్లలోనూ పోతుంది. రెండోది తాడును పక్కకు ఊపినట్టు. అది గట్టిదాంట్లోనే పోతుంది, నీళ్లలో పోదు. రెండూ ఒకేసారి బయలుదేరతాయి. ఒంగోలు నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సూ పల్లెవెలుగూ కలిసి బయలుదేరితే ఏది ముందొస్తాది? ఊరు ఎంత దూరమైతే రెంటికీ అంత ఎడం. అందుకే నాకు రెండు గుక్కల ఎడం దొరికింది."

"మరి క్వారీ మందు పేలితే?"

"అది మన పక్కనే గదా. రెండు అలలూ ఒకటిగానే వచ్చి కాలి కింద ఒక్క గుద్దు. దాని వెనకాల గాలిలో చప్పుడొచ్చి చెవిలో పడుతుంది."

పెద్ద భూకంపం వచ్చినప్పుడు భూమికి అవతలి వైపు పెట్టిన యంత్రాలకు ఆ రెండో అల సూటిగా చేరదని, నడుమ ఏదో కరిగినది అడ్డముంది కాబట్టే చేరలేదని, అలా భూమి గుండెలో కరిగిన ఇనుముందని తెలుసుకున్నారని కూడా చెప్పాను. ఎవరూ దిగి చూసింది లేదు. మనిషి తవ్విన అన్నిటికన్నా లోతు బొక్క కూడా భూమికి చర్మం మీద గీటంత. రాని అలను నమ్మి లోకమంతా ఆ మాట ఒప్పుకుంది.

నేను చెప్పేటప్పుడు క్వారీ మేనేజరు కూడా అక్కడే టీ తాగుతున్నాడు. బాగా విన్నాడు. "ఇంకోసారి చెప్పు పెద్దాయనా" అని అడిగి మరీ విన్నాడు. నేనూ మురిసిపోయి ఇంకోసారి చెప్పాను.

మా వెనక వీధిలో, చర్చి పక్కన, కూలికి పోయే ఆమె ఒకతె ఉంది. నన్ను మామా అంటుంది. రాయీ మట్టీ పెట్టి ఆమె మొగుడు కట్టిపోయిన ఇల్లు. క్వారీలో మందు ఎక్కువ పెట్టడం మొదలైన తర్వాత కిటికీ మూల నుంచి నేల దాకా గోడ పగిలింది. ఆ గోడ కిందే ఆమె, కూతురు పడుకుంటారు. పేలుళ్లు ఆపించి గోడ కట్టించమని తిరగని ఆఫీసు లేదు. ఆమె వెంట నేనూ తిరిగాను. చివరికి విచారణకు అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. అది సరిగ్గా భూకంపం తర్వాతే రావాలా!

ముందురోజు ఆమె మా ఇంటికొచ్చింది.

"మామా, రేపు ఆఫీసరొస్తాడంట. మన ఊర్లో భూకంపం రాలేదని చెప్పు. నీ మాట ఇంటారు."

"టీవీలో కూడా చెప్పినారు గదమ్మాయ్."

"టీవీలో చెప్పింది ముండ్లమూరు. మనదేం ముండ్లమూరా?"

"వచ్చినదాన్ని రాలేదని ఎట్ల చెప్పేది? నీ గోడ పగిలింది దానివల్ల కాదని చెప్తా. కండ్లకు చూపిస్తా."

"చూపించేదానికి వాళ్ల కండ్లు తెరిచుండొద్దా మామా?" అని లేచి పోయింది.

అధికారి వచ్చాడు. జీపు దిగక ముందే మేనేజరు అందుకున్నాడు. "మేం చెప్తే మా స్వార్థమంటారు సార్. ఈ పెద్దాయన్నే అడగండి. ఊరందర్నీ కూర్చోబెట్టి భూకంపం మీద పాఠం చెప్పినాడు."

"వచ్చిందా పెద్దాయనా?"

"వచ్చింది సార్. కానీ ఈ పగులు..."

"వచ్చింది కదా" అని రాసుకున్నాడు.

నేను వదల్లేదు. చెయ్యి పట్టుకున్నంత పని చేసి గోడ దగ్గరికి తీసుకుపోయాను. పోయిన క్రిస్మస్‌కు ఆమె ఇంటికి సున్నం కొట్టింది. పగులు లోపలి అంచులకూ ఆ సున్నమే అంటి ఎండి ఉంది. నేల కదిలింది పండగ పోయి ఎండలు ముదిరాక. పగులు ముందు లేకపోతే దాని లోపలికి సున్నం ఎట్లా పోయింది? వేలు పెట్టి, గోకి, తెల్లటి పొడి అరచేతిలో వేసి చూపించాను.

"తర్వాత కారి ఉంటుందిలే" అన్నాడు.

"ఎండిన సున్నం యాడన్నా కారుతుందా సార్?"

"నువ్వు ఇంజనీరువా?"

మేనేజరు నవ్వాడు. ఆమె నావైపు ఒక్కసారి చూసి చాట తీసుకుని లోపలికి పోయింది. గోడ పగులు ప్రకృతి వైపరీత్యమని రాసుకుపోయారు. క్వారీ వారం కూడా ఆగలేదు.

దాదాపు మూడు వేల కిలోమీటర్ల లోతున ఉన్న ఇనుము సంగతి, చేరని ఒక అలను బట్టి ఒప్పుకున్నారు గదా మనుషులు. జానెడు గోడలో సున్నాన్ని వేలు పెట్టి చూపిస్తే ఒప్పుకోరు. ఇనుము కరిగి ఉందని ఒప్పుకుంటే ఎవరి లారీలూ ఆగవు మరి. మళ్లీ అడిగినా నేను వచ్చిందనే చెబుతాను, రాలేదని చెప్పలేను. నా మాటలో ముందు సగం కోసుకుని వాళ్లు పోయారు, వెనక సగం నా దగ్గరే కుళ్లుతూ ఉంది.

ఇప్పుడు ఆ గోడకు వేప మొద్దు ఒకటి ఆనించి ఉంది. ఆమె నాతో మాట్లాడదు. మధ్యాహ్నం కొండలో మందు పేలుతుంది. ముందు నా అరికాలికి గుద్దు, వెనకాల చెవికి చప్పుడు. రెండు గుక్కలు కాదు గదా, గ్లాసు నోటి దాకా ఎత్తే తీరికుండదు. దుకాణం దగ్గర కుర్రాళ్లు "పెద్దాయన భూకంపం వచ్చిందిరో" అని అరుస్తారు. ఆ పేరు ఊరంతా పాకింది.

నిన్న కూడా పేలింది. నేను ఆ వీధిలోనే పోతున్నాను. ఆమె కూతుర్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చి, నావైపు చూడకుండా, నాకు వినపడేటట్టు అంది:

"లోపలికి అప్పుడే పోవాకు పాపా. మామ భూకంపం ఇంకా అయిపోలేదు."