గఫూర్ ఉస్తాద్ చెంబెడు నీళ్లు

నిజామాబాద్ కంఠేశ్వర్‌లో రక్తపరీక్షలు చేసే చోట ఒక అమ్మాయి నా చేతికి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, గొంతు తగ్గించి, "తాతా, యూరిన్ పట్టియ్యాలె, బాత్‌రూం గా మూలకు" అంది. పట్టి తెచ్చాను. ఇచ్చేముందు అలవాటు కొద్దీ కిటికీ దగ్గర డబ్బాను వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాను. లేత పసుపు, ఎండుగడ్డి రంగుకు ఒక పిసరు తక్కువ. "ఏంది తాతా, గట్ల సూస్తున్నవ్?" అందా పిల్ల. "మాల్ మంచిగున్నదా అని సూస్తున్న బిడ్డా" అన్నాను. ముసలాడికి మతి చలించిందనుకుని ఉంటుంది పాపం. ఆ మాట అర్థం కావాలంటే గఫూర్ ఉస్తాద్ తెలిసి ఉండాలి. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

అరవైల చివరి సంగతి. పోచంపాడ్ దగ్గర గోదావరి మీద కట్ట లేస్తున్న రోజులు. బోధన్ దారిలో అప్పుడొక చిన్న చక్కెర మిల్లు ఉండేది, ఇప్పుడక్కడ గోడ కూడా మిగల్లేదు. అందులో నేను పాన్ దగ్గర హెల్పర్ని. పాన్ అంటే తాంబూలం కాదు, రెండు నిలువుల ఎత్తున్న ఇనుప పాత్ర. వడగట్టిన చెరుకు రసాన్ని చిక్కగా కాచి అందులోకి వదిలితే, ఉడికి ఉడికి చక్కెర పలుకు కడుతుంది. దాన్ని మేం దానా అనేవాళ్లం. దానా కట్టే గడియ పట్టుకోగలిగినవాడే పాన్‌మేన్. ఆ విద్యలో గఫూర్ ఉస్తాద్‌ను మించినవాడు మా మిల్లులో లేడు. గాజు పలక మీద చుక్క పాకం వేసి, దాన్ని వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూసేవాడు. ఆ కన్ను తెరిచేదాకా పాన్ అంతస్తులో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు.

ఆ సీజన్‌లో రెండో పాన్‌కు మనిషి కావాల్సి వచ్చింది. హెల్పర్లలో ఒకణ్ని ఉస్తాద్ ఎంచాలి. అది నేనే కావాలని నా పట్టుదల. మా ఊరు ఇందల్వాయిలో అవ్వ అప్పటికే వాడంతా చాటింపు వేసింది, కొడుకు పాన్‌మేన్ అవుతున్నాడని. పాన్ మూడో అంతస్తులో ఉంటే పాయిఖానా కింద, చెరుకు పిప్పి కుప్పల అవతల. దానా కట్టేటప్పుడు పాన్ విడిచి పోవడమంటే నాకు నామర్దా. అందుకని తెలివిగా ఒక ఉపాయం కనిపెట్టాను. నీళ్లు తాగడం మానేశాను. ఆ పొయ్యిలాంటి వేడిలో చెమటలు కక్కుతూ, పొద్దున ఒకసారి, డ్యూటీ దిగాక ఒకసారి, అంతే. మధ్యలో దిగే హెల్పర్లను చూసి మీసం మెలేసేవాణ్ని కూడా. నా అంత మూర్ఖుడు ఆ మిల్లులో ఇంకొకడు లేడని అప్పుడు తెలియలేదు.

ఉస్తాద్ తీరే వేరు. పాన్ పక్కన ఇనుప కడ్డీకి ఆయన రాగి చెంబు వేలాడుతూ ఉండేది. గంటకోసారి గటగటా తాగేవాడు. ఆ తర్వాత మేనేజర్ ఉన్నా, ఇంకెవరున్నా, ఖంగుమనే గొంతుతో నన్ను పిలిచి, "గంగాధర్, ఒంటికొచ్చింది. పాన్ సూడు బేటా, పోయొస్త" అనేవాడు. మేం లోలోపల నవ్వుకునేవాళ్లం. ఒకసారి ఆ నవ్వు ఆయన కంట పడింది. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. అరువై దాటితే మగోనికి లోపట గ్రంథి ఉబ్బుతది, ఒంటికి మాటిమాటికి వస్తది, వచ్చినా ధార సన్నగైతది. డాక్టర్ సాబ్ చెప్పిండు. నేను సిగ్గువడితే అది తగ్గుతదా?" అన్నాడు.

నాకు మాత్రం సిగ్గు నిలువెల్లా ఉంది. మూత్రం మంటగా వస్తోంది, రంగు మడ్డిలా ముదిరింది, ఎవరికీ చెప్పలేదు. ఒక మధ్యాహ్నం నడుము పక్కన మొదలైన పోటు గజ్జల్లోకి పాకింది. కూర్చోలేను, నిలబడలేను. కడ్డీ పట్టుకుని వాంతి చేసుకుని అక్కడే పడిపోయాను.

"గ్యాస్ ఉస్తాద్, తక్కువైతది" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. "ఒంటికి ఎప్పుడు పోయినవ్?"

"పొద్దుగాల."

"ఏం రంగున్నది?"

నేను తల దించుకున్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా పాన్ వేరేవాళ్లకు అప్పగించి, నన్ను నిజామాబాద్ బస్సెక్కించి, పక్కన తనూ కూర్చున్నాడు. ఆ సీజన్‌లో ఆయన పాన్‌ను పూట మొత్తం విడిచింది నాకు తెలిసి అదొక్కసారే.

డాక్టరు ఎక్స్‌రే తీయించి చూశాడు. మూత్రపిండం నుంచి కిందికి దిగే గొట్టంలో చిన్న రాయి. కోయనక్కర్లేదు, దానంతట అదే పడిపోవచ్చు అన్నాడు. నొప్పికి సూది వేసి, మందు రాశాడు. నీళ్లు బాగా తాగమన్నాడు, ప్రతిసారీ మూత్రాన్ని గుడ్డలో వడగట్టి చూసుకొమ్మన్నాడు. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా క్షణం ఆలస్యం చేయకుండా రమ్మన్నాడు. సూది మందుకు నొప్పి సగం తగ్గింది కానీ దిగులు తగ్గలేదు. పడిపోయినవాడికి పాన్ ఎవరిస్తారు?

తిరుగు బస్సులో ఉస్తాద్ పాఠం మొదలుపెట్టాడు, బస్సంతా వినేలా.

"మన మిల్లుల రసం వడగట్టినట్టు, ఒంట్ల నెత్తురును రెండు మూత్రపిండాలు వడగడ్తయి. పనికొచ్చేది ఒంటికే మళ్లిస్తయి, పనికిరానిది నీళ్లల్ల కలిపి గొట్టాలల్లకెళ్లి కిందికి తోల్తయి. కింద సంచి ఉంటది. అది నిండితే గంట గొడ్తది. గంట గొట్టినా నువ్వు గేటు తెరువవైతివి. సరే, ఒకటి చెప్పు. పాన్ల దానా కట్టాలంటే నేనేం జేస్త?"

"నీళ్లు ఇంకగొడ్తరు."

"దానా కట్టద్దంటే?"

"నీళ్లు కలుపుతరు."

"మరి నీళ్లు తాగకుండ కడుపుల దానా కడ్తున్నవు గద బేటా. గీ మాల్ ఎవలు కొంటరు?"

నొప్పిలోనూ పకపకా నవ్వాను. ముందు సీట్లో కూర్చున్న పెద్దమనిషి కూడా వెనక్కి తిరిగి నవ్వాడు. రెండు సీజన్లుగా పాన్ ముందు నిలబడి, నీళ్లు తగ్గితే పలుకు కడుతుందని రోజూ కళ్లారా చూసినవాణ్ని, నా కడుపు సంగతి నాకే తట్టలేదు. "దీన్ల నీళ్లు వోస్తే కరుగుతదా ఉస్తాద్?" అని అడిగాను. "గిది కరగదు, కొట్టుకపోవాలె. కొత్తది కట్టకుంటనన్న ఉంటది" అన్నాడు. "మరి రెండో పాన్?" అంటే, "ముందుగాల గీ దానా దించు" అని కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాడు.

మిల్లు పక్కన గదిలో పడుకుని చెంబులకు చెంబులు తాగాను. ఆయన తన పాత తెల్ల రుమాలు చింపి ఇచ్చాడు వడగట్టడానికి. ఆరో రోజు పొద్దున ఇంకో పోటు వచ్చింది, ఆ వెంటనే గుడ్డ మీద జొన్నగింజలో సగమంత, గోధుమరంగు, ముళ్లముళ్ల రాయి. దాన్ని కడిగి, అగ్గిపెట్టెలో పెట్టుకుని, లాటరీ తగిలినవాడిలా మూడంతస్తుల మెట్లెక్కాను.

ఉస్తాద్ దాన్ని గాజు పలక మీద వేసి, వెలుతురుకు పట్టి, ఒక కన్ను మూశాడు. అందరం ఊపిరి బిగబట్టాం.

"కట్టుడు గట్టిగనే కట్టింది. గని రంగు లేదు, మెరుపు లేదు. బస్తాకెక్కది" అన్నాడు.

ఆ నవ్వులకు కింద గానుగల దగ్గరివాళ్లు ఏమైందోనని పైకి వచ్చారు. నవ్వులు సద్దుమణిగాక ఆయన, "రేపటి సంది రెండో పాన్ నీది" అన్నాడు. నా చెవులను నేనే నమ్మలేదు. "పడిపోయినోన్ని గద ఉస్తాద్" అన్నాను.

"దినాం పదిమాట్ల ఒంటికి పోయిన. పోయినప్పుడల్ల నా పాన్ ఎవల చేతుల ఉండె? ఒక్కసారన్న దానా చెడ్డదా? పాన్ నీకు ఎన్నడో ఇచ్చిన. నువ్వు నేర్సుకోవాల్సింది ఒక్కటే ఉన్నది, ఇంకొకని చేతుల వెట్టి పోవుడు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మేం నవ్వుకున్న ఆ పదిసార్లూ ఆయన నన్ను నమ్మి దిగిపోయిన పదిసార్లని నాకు అంతవరకూ తెలియలేదు.

మర్నాడు రెండో పాన్ ముందు నేను. కడ్డీకి కొత్త చెంబు. సరిగ్గా దానా కట్టబోయే వేళకు కడుపులో గంట కొట్టింది. పక్కన మేనేజర్. ఒక నిమిషం బిగబట్టి, ఇక లాభం లేదని గొంతెత్తాను. "ఉస్తాద్, ఒంటికొచ్చింది. పాన్ సూడుండ్రి, పోయొస్త."

"పో బేటా, పో" అంటూ ఆయన పరుగులాంటి నడకతో వచ్చాడు. మెట్లు రెండేసి చొప్పున దిగాను. పిప్పి కుప్పల అవతల నిలబడి పొందిన సుఖం ఇప్పటికీ మరిచిపోలేదు. తిరిగొచ్చేసరికి నా పాన్ భద్రంగా ఉంది. ఆ తర్వాత నా కింద పనిచేసిన ప్రతి హెల్పర్‌కూ ముందు చెంబు ఇచ్చాను, తర్వాతే గాజు పలక.

ఇవాళ ఆ పిల్లకు డబ్బా ఇచ్చేసి, అక్కడే డాక్టరు గది ముందు కూర్చున్నాను. పక్కన ఖాకీ చొక్కా ఆటో డ్రైవరొకడు, నంబరు చీటీ పిడికిట్లో బిగించి, మోకాళ్లు ఆడిస్తూ మాటిమాటికీ మూలనున్న బాత్‌రూం తలుపు వైపు చూస్తున్నాడు. లేస్తే నంబరు పోతుందని భయం.

"పోయి రా" అన్నాను, హాలంతా వినబడేలా. "నీ జాగ నేను సూస్త."

వాడు సిగ్గుపడి, చీటీ నా చేతిలో పెట్టి పరుగెత్తాడు. వాడు తిరిగొచ్చేలోపు నన్ను పిలిచారు, నేను లేవలేదు. వాడొచ్చి, పక్కవాళ్లు చెబితే విని, "తాతా, మీ నంబర్ పోయింది గదా?" అన్నాడు.

"పోనియ్ బేటా, నీళ్లు తాగు" అన్నాను. నా సొంత కొడుకులను కూడా నేనెప్పుడూ బేటా అని పిలవలేదు.