అరవని పిట్ట

నిద్ర తప్ప వేరే కోరికలేవీ లేని రోజులు నాకూ ఉండేవి. బందరు నుంచి వచ్చి, చిలకలగూడలో ఒక మేడమీది గది అద్దెకు తీసుకుని, కాల్ సెంటర్‌లో రాత్రి ఉద్యోగం చేసేవాణ్ణి. పగలు పడుకోవాలి కాబట్టి కిటికీలకు నల్లగుడ్డలు, చెవుల్లో దూది. ఊరంతా మేలుకున్నప్పుడు నిద్రపోయే మనిషికి స్నేహితులెక్కడ దొరుకుతారు? అందుకని ఒక పిట్టను తెచ్చుకుందామనుకున్నాను. తోడుండాలి, నోరు మాత్రం మెదపకూడదు. (పెళ్ళి విషయంలోనూ అప్పట్లో నా అభిప్రాయం ఇదే. మా ఆవిడ దాన్ని ఎప్పుడో సరిదిద్దింది.)

పిట్టల కొట్టుకు వెళ్ళి, "అరవని పిట్ట ఉంటే ఇవ్వండి" అన్నాను. కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు. "అరవకుంటే పిట్టెందుకన్నా, బొమ్మ కొనుక్కోరాదు?" అన్నాడు. పంజరం నిండా లవ్‌బర్డ్స్ గోలగోలగా ఉన్నాయి. ఒక మూల మాత్రం నీలంరంగుది ఒకటి ఒళ్ళంతా ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసుకుని బుద్ధిగా కూర్చుంది. అదే కావాలన్నాను. "జెర సోంచాయించన్నా, అది డల్లుగున్నది" అని ఆలోచించుకోమన్నాడు పాపం. నేను దాన్ని సంస్కారం అనుకున్నాను.

ఇంటి ఓనరమ్మను అందరిలాగే నేనూ పెద్దమ్మా అనేవాణ్ణి. ఆవిడ మర్నాడు పంజరంలోకి తొంగిచూసి, "ఏంది బిడ్డా, గిది గింజ సుత ముడ్తలేదు?" అంది. నిజమే, వేసిన కొర్రలు వేసినట్టే ఉన్నాయి. పంజరం ఒళ్ళో పెట్టుకుని ఇద్దరం ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పిట్ట అలా ఉబ్బి కూర్చుందంటే జబ్బు చేసినట్టేనని, వెచ్చగా ఉంచమని, బతకడం మాత్రం దాని అదృష్టమని చెప్పి ఆయన మందు చుక్కలిచ్చాడు.

ఇక చూడండి నా వైభవం. నల్లగుడ్డల చీకట్లో నా తలగడ పక్కన పంజరం, దాని పక్కన ఆరకుండా వెలిగే బల్బు. నేను డ్యూటీకి వెళ్తే పెద్దమ్మ మందు వేసేది. అది కదిలితే వినబడాలని చెవుల్లో దూది కూడా తీసేశాను. కస్టమర్లతో మాట్లాడే మర్యాద గొంతుతోనే, "మేడమ్, దయచేసి ఒక్కసారి అరవండి" అని బతిమాలేవాణ్ణి. అంత పెద్ద ఊళ్ళో నాదంటూ ఉన్న ప్రాణి అదొక్కటే. పోతుందేమోనని నిజంగా ఏడుపొచ్చేది.

ఒక పొద్దున డ్యూటీ నుంచి వచ్చి పడుకుని, కునుకు పట్టిందో లేదో, చెవి పక్కనే కీచుమని అరుపు. లేచి చూస్తే, ఈకలు సర్దుకుని నిటారుగా నిలబడి, కొర్రలు నా పక్కమీదికి చిమ్ముతూ, కొట్లో పిట్టలన్నిటికీ కలిపి అదొక్కటే అరుస్తోంది. కిందికి పరిగెత్తి, "పెద్దమ్మా, అరిచింది, అరిచింది" అన్నాను. "పిట్ట అరిస్తే అరిసింది, నువ్వెందుకు అరుస్తున్నవ్?" అంది ఆవిడ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ నేను మళ్ళీ పగలు సుఖంగా పడుకున్నది లేదు.

ఇప్పుడు ఏ.ఎస్. రావు నగర్‌లో ఉంటున్నాం, నాది పగటి ఉద్యోగమే. మొన్న మా అమ్మాయికి జ్వరం వచ్చింది. రోజూ ఇల్లు పీకి పందిరేసే పిల్ల మాటా పలుకూ లేకుండా దుప్పట్లో ముడుచుకుని పడుకుంది. ఆదివారం మధ్యాహ్నం నేను కాస్త నడుం వాల్చానో లేదో, దోసెలో కారం ఎక్కువైందంటూ వంటింట్లోంచి దాని కేక. మా ఆవిడ గదిలోకి వచ్చి, "అది అంత గోల చేస్తుంటే మీరేంటండీ, పడుకుని నవ్వుకుంటున్నారు?" అంది.

"అరవనీ" అన్నాను.