నా బిడ్డ నిలబెట్టిన దర్వాజ

జర దగ్గరికి జరిగి కూసోండ్రి. చాయ తాగుకుంటనే వినుండ్రి, మా ఇంటి ముచ్చటే.

నేను షాద్‌నగర్ దిక్కు మేస్త్రీల వెనుక సిమెంటు మాలు మోసిన మనిషిని. గోడ కట్టుడు మొగోళ్ల పని, నెత్తి మీద మాలు గమేళ ఎత్తుడు ఆడోళ్ల పని. గోడ మీద చెయ్యి పెట్టనిచ్చినోళ్లు లేరు. మన రాష్ట్రం వచ్చినంక కొన్నేండ్లకు నా బిడ్డ పది పాసై, పాలమూరుల ఇండ్లు కట్టే పని నేర్పే కాలేజీల చేరుత అన్నది. మా తమ్ముడు మేస్త్రీ. మామ ఇంట్లనే ఉంటే పని నేర్వనీకి బస్సెక్కి పోవుడేందని నవ్విండు. బిడ్డ ఇంటికొచ్చి దారానికి గుండు ఏలాడదీసి, మామ కట్టిన మా గోడ ఒరిగిందని చెప్పింది. ఆ బతుకమ్మకు మామ మా ఇంటికి రాలే.

చదువైతే అయింది గాని తాపీ ఇచ్చెటోళ్లు లేరు. అందరు గమేళనే చూపెట్టిరి. ఆఖరికి తమ్ముడే ఒక కొత్తింటి కాడ అన్నడు: "దర్వాజ నువ్వు నిలబెట్టు. సక్కగొస్తే నాతోని తాపీ పట్టు. లేకుంటే మీ అమ్మ లెక్క గమేళ ఎత్తు."

మా దిక్కు దర్వాజ నిలబెట్టుడంటే సగం పెండ్లి. ముహూర్తం చూస్తరు, కడప కింద నవధాన్యాలు ఏస్తరు, మేస్త్రీకి కొత్త బట్టలు పెడ్తరు. బిడ్డ రసమట్టం పెట్టి దర్వాజ చౌకట్టు సూటిగ నిలబెట్టింది. గప్పుడు ఆ ఇంటి ఆడోళ్లంత వచ్చి పసుపు రాసుకుంట, మామిడాకులు కట్టుకుంట చౌకట్టునే పట్టుకొని నిలబడ్డరు. కాలేజీల పూజ ఉండదు గద, బిడ్డ ఆసరా కట్టెలు గట్టిగ కొట్టలే. పూజ అయినంక మళ్ల గుండు ఏస్తే దర్వాజ జరంత ఒరిగింది.

ఆడ మాలు మోసేది నేనే. బిడ్డకు, తమ్మునికి, నాకు తప్ప ఎవ్వలకు తెల్వదు. ఊకోవే అని కండ్లతోని చెప్పిన. బిడ్డ చూసి కూడ చూడనట్టే ఇంటి ముసలవ్వ దిక్కు తిరిగింది.

"అవ్వా, అందరు జర పక్కకు జరుగుండ్రి. దర్వాజ ఒరిగింది, మళ్ల సక్క జేస్త."

"ముహూర్తం దాటిపాయె గద బిడ్డా, ఇప్పుడు కదిలిస్తరా?"

"ముహూర్తంల నిలబెట్టిననే అవ్వా. గిట్లనే ఇడిస్తె తలుపు పట్టదు. దినాం తలుపుతోని కొట్లాడుడు మీకే."

అవ్వ కోడండ్లను ఎనుకకు పిలిచింది. బిడ్డ చౌకట్టు సక్క జేసి, ఈసారి కట్టెలు గట్టిగ కొట్టింది. ఇంటాయన ధోతి, తువ్వాల తెచ్చి మా తమ్మునికి ఇయ్యబోయిండు. తమ్ముడు చెయ్యి చాపలే. "నేనైతే ఆ ఒరుగుడును గిలాబు పూతల దాస్తుంటి," అన్నడు. "మేస్త్రీ గామె. గామెకే పెట్టుండ్రి." బిడ్డ తువ్వాల తీసుకొని నెత్తికి చుట్టుకున్నది. ధోతి మామకియ్యుమన్నది.

ఇప్పుడు ఇండ్లు కట్టే పని తానే ఒప్పుకుంటది. దాని తోటి చదివిన పిల్ల ఒకామె పట్నంల పెద్ద బిల్డింగు కాడ సూపర్‌వైజర్. నా నెత్తి మీద గమేళ లేదు. గోడకు బిడ్డ దారం గుంజితే, ఇంకో కొస పట్టుకొని నిలబడ్త. ముచ్చట్లల్ల పడి వదులు చేస్తే తిట్లు తింట.

మీ ఇంటి తలుపులు కిర్రుమనకుంట తెరుసుకోవాలె, వచ్చినోళ్లు కడుపునిండ తిని పోవాలె. మీ పిల్లల చేతి పని సల్లగుండాలె.