అక్క కాలికి నా గజ్జెలు

ఆ రోజుల్లో నాకు ఏ వస్తువు కనిపించినా దానికో సెన్సార్ పెడితే బాగుపడుతుందనిపించేది. బీటెక్ అయి ఏడాది దాటినా ఉద్యోగం రాలేదు గనక, బాగుచేయడానికి ఇంట్లో వస్తువులు తప్ప మరేమీ దొరికేవి కావు. డాబా మీద నీళ్ల ట్యాంకుకి ఒకటి బిగించాను. ట్యాంకు నిండగానే మా అమ్మ ఫోనుకి మెసేజ్ వచ్చే ఏర్పాటన్నమాట. (వచ్చేది, కాదనను. అప్పటికే పక్కింటావిడ గుమ్మంలోకొచ్చి "నీళ్లు కారిపోతున్నాయండీ" అని చెప్పి వెళ్లిపోయి ఉండేది.) ఇలాంటి మేధావిని నమ్మి మా అక్క తన కాళ్లు అప్పగించింది.

అక్క అంటే మా పెదనాన్న కూతురు. చిన్నప్పటినుంచీ కూచిపూడి నేర్చుకుని, పెళ్లి, పాప, స్కూల్లో ఉద్యోగం వీటి మధ్య ఎనిమిదేళ్లు గజ్జె కట్టలేదు. చివరికి ధైర్యం చేసి గవర్నర్‌పేటలో ఒక హాల్లో ప్రోగ్రాం ఒప్పుకుంది. సరిగ్గా మూడు వారాల ముందు స్కూటీ మీంచి పడింది, కుడి చీలమండ వాచింది. "డాన్స్ చేస్తే చేయండమ్మా, నెమ్మదిగా. కాలికి బరువు మాత్రం కట్టొద్దు" అన్నారు డాక్టరు గారు. గజ్జెల బరువు కట్టినవాళ్లకే తెలుస్తుంది. అక్కకి నేర్పిన టీచర్ గారేమో "గజ్జె చప్పుడు లేకుండా నేను తాళం వెయ్యను" అని తేల్చేశారు. "ఇది కూడా తప్పిపోతే ఇంక నాకు ఓపిక లేదురా. గజ్జెలు ఎవరైనా పిల్లలకిచ్చేస్తాను" అంది అక్క. నవ్వుతూనే అంది గానీ, ఆ మాట వింటే నాకు బాధేసింది.

వెంటనే రంగంలోకి దిగాను. మంగళగిరి చీర అంచు ముక్కలతో రెండు తేలికపాటి పట్టీలు కుట్టించాను. పాదం కింద రెండు సన్నని రాగి రేకులు, మధ్యలో స్పాంజి ముక్క. అడుగు పడితే రేకులు కలిసి, నా ఫోన్ ద్వారా స్పీకర్లో గజ్జె మోగుతుంది. కాలు ఎత్తితే విడిపోతాయి. మళ్లీ అడుగు, మళ్లీ మోత. డాబా మీద రిహార్సల్లో ఒక్క అడుగు కూడా తప్పలేదు. టీచర్ గారు సైతం "పర్లేదయ్యా, నీ చదువు ఎందుకో ఒకందుకు పనికొచ్చింది" అన్నారు. (దాన్ని పొగడ్తగానే లెక్కేసుకుని నలుగురికీ చెప్పుకున్నాను.)

ప్రోగ్రాం రోజు మొదటి అంశాలన్నీ చక్కగా సాగాయి. స్టేజి మీద ఓ వారన, టీచర్ గారి పక్కన, ఫోను పట్టుకుని కచేరీ అంతా నా చలవే అన్నట్టు కూర్చున్నాను. తర్వాత తరంగం. ఇత్తడి పళ్లెం తెచ్చి పెట్టారు. అక్క దాని అంచు మీద రెండు పాదాలూ ఆనించి నిలబడింది. స్పీకర్లో ఒక్కసారి ఘల్లుమంది. అంతే. పళ్లెంతో సహా అక్క స్టేజంతా కదులుతోంది, మృదంగం మోగుతోంది, గజ్జె మాత్రం మూగబోయింది. పళ్లెం ఎక్కాక పాదాలు అంచుని వదలవు. పాదం లేవకపోతే నా రేకులు విడిపోవు. కృష్ణా జిల్లాలో పుట్టినవాడికి తరంగమంటే పళ్లెం ఉంటుందని ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పలేదు. కాలు నొప్పని రిహార్సల్లో అక్క నేలమీదే అడుగులు వేసి చూపించింది, నేను ఆ నేలనే నమ్ముకున్నాను.

ఫోను ఆపి మళ్లీ వేశాను. బ్లూటూత్ ఆపి మళ్లీ వేశాను. ముందు వరసలో ఒకాయన "మైకు పోయినట్టుందండీ" అని అందరికీ సర్దిచెబుతున్నారు. అక్క ముఖం మీద నవ్వు అలాగే ఉంది గానీ, కళ్లు నన్ను వెతుకుతున్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనయింది. అప్పుడు టీచర్ గారు తాళం ఆపకుండానే తన సంచీని మోకాలితో నావైపు నెట్టారు. అందులో అక్క అసలు గజ్జెలున్నాయి. (రాగి రేకులకి పూజేమిటని, గజ్జెపూజకి ఆవిడ అసలువే తెచ్చారట.)

"చూస్తావేంటయ్యా! తీసి చేత్తో ఊపు! కాలు చూస్తా ఊపు!"

ఇంత తేలిక ఉపాయం మూడు వారాల్లో ఎవరికీ తోచలేదా అని మీరడగొచ్చు. ఇంట్లో బీటెక్ చదివినవాడు ఉంటే తేలిక ఉపాయాలు ఎవరికీ తోచవు. గజ్జెలు రెండు చేతులకీ చుట్టుకుని, అక్క కాళ్లే చూస్తూ ఊపడం మొదలుపెట్టాను. మొదట్లో నా మోత కదలిక వెనకాలే వచ్చింది. "ముందు, ముందు" అని టీచర్ గారు పళ్లబిగువున గొణిగారు. కాసేపటికి, కుడికాలు కదిలే ముందు అక్క మోకాలు కొంచెం బిగుస్తోందని కనిపెట్టాను. ఇక తప్పలేదు. చివరికొచ్చేసరికి అక్క కావాలనే వేగం పెంచింది. హాలంతా చప్పట్లు. నా భుజాలు వారం దాకా స్వాధీనంలోకి రాలేదు.

తెరపడ్డాక అక్క కుర్చీలో కూలబడి, కాలికి ఐసు పెట్టుకుంటూ అంది: "ఒరేయ్, కుడికాలు కదిపినప్పుడల్లా నువ్వెందుకురా పళ్లు కరుచుకున్నావ్? నొప్పి నాది కదా!" నాకు ఆ సంగతే తెలియదు. "నీ మొహం చూస్తే నవ్వాగలేదురా. ఆ నవ్వులోనే ఆడేశాను" అంది. గజ్జెలు ఎవరికీ ఇవ్వలేదు.

ఇప్పుడు నేను అలాంటి పట్టీలు తయారుచేసే చోటే ఉద్యోగం చేస్తున్నాను. మావి పళ్లెం మీద కూడా పనిచేస్తాయి. అక్క కాలు ఎప్పుడో నయమైంది, తన గజ్జెలు తనే కట్టుకుంటోంది. అయినా ప్రోగ్రాం ఉంటే ముందురోజు ఫోన్ చేస్తుంది. "నీతో పనేం లేదు గానీ, నాకు కనపడేటట్టు ఆ పక్కన కూర్చోరా" అంటుంది. వెళ్లి కూర్చుంటాను. నొప్పి లేదని తెలిసినా, ఆ కుడికాలు కదిలినప్పుడల్లా పళ్లు కరుచుకుంటాను.