ఇంగా హార్కస్ అసలు ఉద్యోగం

ఒక్క ఉద్యోగంతో బతికేవాణ్ణి చూస్తే ఆ దీవిలో జనం జాలిపడతారు. పాపం, ఒంట్లో బాగాలేదేమో అనుకుంటారు. ఉత్తరాలు పంచేవాడే చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. బడిలో పాఠాలు చెప్పే ఆమే శనివారం పూట రేవులో పడవ తాళ్లు అందుకుంటుంది. స్కాట్లండ్‌కు ఉత్తరాన, ఆర్క్‌నీ దీవుల్లో అదొక చిట్టచివరి దీవి. జనం పట్టుమని డెబ్బై మంది లేరు, పనులు మాత్రం పెద్ద ఊరికున్నన్నీ ఉన్నాయి.

ఇంగా హార్కస్‌కు మాత్రం యాభై దాటేదాకా ఒక్కటే ఉద్యోగం. సహకార దుకాణంలో గల్లాపెట్టె వెనక నిలబడేది. అంతకుముందు అక్కడ ఆమె తల్లి నిలబడింది. తల్లి పోయిన మర్నాడు కూడా ఇంగా దుకాణం తెరిచింది. ఆ రోజు సరుకు పడవ వచ్చే రోజు, తెరవకపోతే ఊరికి పాలుండవు. కళ్లు తుడుచుకుంటూనే పాల డబ్బాలు సర్దింది. ఎవరికి ఏ బిస్కెట్లు ఇష్టమో, ఎవరికి డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడో ఆమెకు తెలుసు. ఉప్పు తగ్గించమన్న వాళ్లకు చిప్స్ పొట్లం అందేది కాదు, ఎంత బతిమాలినా సరే.

జనం తగ్గుతూ వచ్చారు. ఆమెకు యాభై దాటిన ఏడు, వసంతకాలంలో దుకాణాన్ని వారానికి రెండు పూటలకు కుదించారు. ఆ సంగతి ఇంగాకు చెప్పాల్సి వచ్చినప్పుడు కమిటీ పెద్దలంతా నువ్వు చెప్పంటే నువ్వు చెప్పు అని ఒకరినొకరు ముందుకు తోసుకున్నారట. సరిగ్గా అప్పుడే విమానాల మైదానంలో ఒక మనిషి కావాలన్నారు.

మైదానమంటే పచ్చిక మధ్య ఒక కంకర బాట, ఒక షెడ్డు, అందులో ఒక ఫైరింజను. రోజుకు రెండుసార్లు ఎనిమిది సీట్ల చిన్న విమానం వస్తుంది. మంటలార్పే వాళ్లు తయారుగా నిలబడితేనే అది దిగుతుంది, లేస్తుంది. లేదంటే డాక్టరు దగ్గరికి పోవాల్సిన వాళ్లు ఇంట్లోనే మూలుగుతూ కూర్చోవాలి.

ఇంగా ఆ పనిలో చేరి, శిక్షణ కోసం పెద్ద దీవికి వెళ్లింది. పొగ నింపిన గదిలో, మొహానికి ముసుగుతో, నేల మీద పాకమన్నారు. మొదటిరోజు ఆ ముసుగులోనే ఏడ్చింది. మర్నాడు పాకింది. ఇంటికి తిరిగొచ్చాక మొగుడు ఎర్లెండ్‌కు పాకింది మాత్రమే చెప్పింది.

ఆ పని ఆమెకు ఎంత నచ్చిందంటే, తనకే సిగ్గేసేంత. తెల్లారేసరికి లేచి బాట మీదికొచ్చిన బాతుల్ని తోలేది, ఫైరింజను బయటికి తీసేది, తనకు రెండు సైజులు పెద్దదైన కోటు తొడుక్కుని గాలికి ఎదురు నిలబడేది. విమానం కనబడకముందే దాని చప్పుడు ఆమెకు వినబడేది. దుకాణంలో అన్నేళ్లు నిలబడినా ఇలాంటి సంతోషం ఆమె ఎరగదు, ఎరగనని ఎవరితోనూ అనలేదు కూడా.

అంతా బాగానే ఉంది, జీతం దగ్గరికి వచ్చేసరికే వచ్చింది తంటా. దుకాణం జీతంలో పన్ను పైసా కోయలేదు. మైదానం జీతంలో మొదటి పౌను నుంచే ఐదో వంతు కోసేశారు. జీతం చీటీ మీద పేరు పక్కన ఎస్‌బీఆర్ అని మూడక్షరాల పన్ను కోడ్. వచ్చే నెల సర్దుకుంటుందిలే అనుకుంది. ఎండాకాలం పోయింది, అక్టోబరు వచ్చింది, ఆ మూడక్షరాలు కదల్లేదు.

ఎర్లెండ్ పీతల బోనులు వేసే మనిషి. నడుము నొప్పితో ఆ ఏడాది బోనులు లాగలేక అవస్థ పడుతున్నాడు. పడవలో పక్కన భార్య ఉంటే బాగుండునని అతని కోరిక. అది నేరుగా అడిగితే మగతనానికి లోటని, పన్ను మీదుగా నరుక్కొచ్చాడు.

"ఏమమ్మా ఫైరింజనమ్మా, రాజుగారికి ఈ నెల కూడా ఉచితంగా ఊడిగం చేశావా?" అన్నాడు చీటీ చూసి.

"ఉచితమేం కాదు. ఐదో వంతే పోయింది."

"ఇంకో వంతు పెట్రోలుకు పోయింది. రెండో ఉద్యోగమంటే అంతే. మా నాన్న చెప్పేవాడు, రెండో ఉద్యోగం చేసేది మనం, తినేది వాళ్లు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం ఎర్లెండ్. అయితే అతని ఒక్కడి మాట కాదది, ఊళ్లో సగంమంది అదే నమ్మకంతో రెండో జీతాన్ని కోయించుకుంటూ బతుకుతున్నారు. ఇంగా కూడా నమ్మింది. అంతకంటే ముఖ్యం, మొగుడి నడుము సంగతి ఆమెకు కనబడుతూనే ఉంది.

"ఈ నెలాఖరు చీటీ కూడా ఇలాగే ఉంటే మానేస్తాను. నీతో పడవెక్కుతాను, సరేనా?" అంది.

అన్నాక ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు.

దుకాణం తెరిచే పూట, జనం పలచగా ఉన్నప్పుడు చూసి, పన్ను ఆఫీసుకు ఫోన్ చేసింది. అవతల పాట పెట్టారు. పాట అయిపోయింది, మళ్లీ మొదలైంది. ఈలోగా బెస్సీ రెండల్ వచ్చింది. ఎనభై దాటిన ముసలామె, కావలసింది రొట్టెపిండి ఒక్కటే. పిండి కొనేసి కూడా కదలకుండా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నువ్వెళ్లు పిన్నీ, ఇది చాలాసేపు పట్టేట్టుంది."

"నాకేం తొందర? ఇంట్లో పిల్లి తప్ప ఎవరున్నారు? ఎవరికి ఫోను?"

చెప్పేలోపు పాట ఆగింది. పడుచు గొంతు, పేరు మొరాగ్ అంది. ఇంగా తన గోడు వెళ్లబోసుకుంది. అవతల కాసేపు టకటకలు వినబడ్డాయి.

"మేడమ్, ఏడాది సంపాదనలో కొంత భాగం మీద మీకు పన్నుండదు కదా. ఆ భాగమంతా దుకాణం ఉద్యోగానికి తగిలించి ఉంది. అక్కడ మీకొచ్చేదే తక్కువ. అందుకని అందులో చాలా మటుకు వాడకుండా అలా పడి ఉంది. రెండోదానికి ఏమీ మిగల్లేదు గనక మొదటి పౌను నుంచీ కోస్తున్నారు."

"అంటే తప్పెవరిది తల్లీ?"

"ఎవరిదీ కాదండీ. దుకాణం ముందునుంచీ ఉంది, అదే అసలుదనుకుని ఉంచేశారు. మీరే చెప్పండి, ఈ రెండిట్లో మీ అసలు ఉద్యోగం ఏది? అది రాసేస్తాను."

ఇంగా తలెత్తి చూసింది. ఎదురుగా అలమరలు. వాటికి రంగు వేయించింది తల్లి. గల్లాపెట్టె చెక్క మీద తల్లి మోచెయ్యి ఆనిన చోట నున్నగా అరిగి ఉంది. ఆ చెక్క వెనకే నిలబడి ఇది నాకు అసలుది కాదు అనడమెలాగ? లెక్క కోసం అడిగిన మాటేనని ఆమెకు తెలుసు. అయినా ఆ నున్నటి చోటును వేళ్లతో తడిమింది.

"మేడమ్, ఉన్నారా?"

ఇంగా బెస్సీకి వినబడకుండా అటు తిరిగి, చేత్తో నోటికి అడ్డం పెట్టుకుని, "మైదానం. విమానాల మైదానం" అంది.

"రాసేశాను. ఇప్పటిదాకా ఎక్కువ కోసింది కూడా జీతంలోనే వెనక్కి వస్తుంది. కొత్త కోడ్ వెళ్లడానికి కొంచెం టైము పడుతుంది మరి."

ఫోన్ పెట్టేసి తిరిగేసరికి బెస్సీ ఆమెనే చూస్తోంది.

"అంత గుసగుసగా చెప్పాలా? ఊరందరికీ తెలిసిందేగా. నువ్వు ఇక్కడ చిల్లర లెక్కపెడుతున్నా నీ చెవి ఆకాశంలోనే ఉంటుంది. మొన్న నాకు పిండికి బదులు పంచదార కట్టావు."

"అయ్యో. చెప్పలేదేం పిన్నీ?"

"కేకు చేసుకున్నాను. మీ అమ్మ ఉంటే నిన్ను ఆ కోటులో చూసి నవ్వీ నవ్వీ చచ్చేది. తర్వాత రేవు దాకా వెళ్లి అందరికీ చెప్పొచ్చేది."

ఇంగా నవ్వబోయి ఏడ్చేసింది. బెస్సీ పట్టించుకోనట్టు రొట్టెపిండి సంచీ ముడి బిగించుకుంది.

నెలాఖరు చీటీ వచ్చింది. ఎస్‌బీఆర్ అలాగే ఉంది. ఈ నెల జీతాలు ముందే తయారైపోయాయని, కొత్త కోడ్ వచ్చే నెల నుంచి అని మైదానం ఆఫీసులో చెప్పారు. ఎర్లెండ్ చీటీని బల్ల మీద పెట్టి, చేపా బంగాళాదుంపలూ ఉన్న పళ్లెం ముందుకు లాక్కున్నాడు.

"మారలేదుగా."

"వచ్చే నెల మారుతుందట. కోసిందంతా ఇచ్చేస్తారట."

"ఇచ్చేస్తారట. నేను చూసినప్పుడు నమ్ముతాను. మాటంటే మాట ఇంగా. ఈసారి కూడా ఇలాగే ఉంటే మానేస్తానన్నావు."

"అన్నాను. అప్పుడది రెండో ఉద్యోగం."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడది నా అసలు ఉద్యోగం. ప్రభుత్వానికి చెప్పాను. బెస్సీ పిన్ని సాక్ష్యం."

ఎర్లెండ్ నమలడం ఆపాడు. "వాళ్లు ఒక్క పౌను కూడా వెనక్కివ్వలేదనుకో?"

ఇంగా తన పళ్లెం పక్కకు జరిపింది. "ఇవ్వకపోయినా వెళ్తాను" అంది. అని తనే ఆశ్చర్యపోయింది. కాపురానికి వచ్చాక ఇది నాకు కావాలని ఆమె నోరు తెరిచి అడగడం అదే మొదటిసారి. "పొద్దుటి విమానం లేచాక వచ్చి నీతో బోనులు లాగుతాను. సముద్రం ఎక్కడికీ పోదు. ముందు నువ్వా నడుము డాక్టరుకు చూపించుకో."

నవంబరు జీతంతోపాటు అదివరకు కోసిందంతా వెనక్కి వచ్చింది. ఎర్లెండ్ చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ వారమే నడుము చూపించుకోవడానికి పెద్ద దీవికి బయలుదేరాడు. ఎప్పుడూ పడవలో పోయే మనిషి, నొప్పికి ఓర్వలేక విమానమెక్కాడు.

కిటికీ పక్కన కూర్చున్నాడు. బయట ఈదురుగాలి. ఫైరింజను పక్కన, పెద్ద కోటులో ఒక పొట్టి మనిషి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. పైలట్ ఆమె వైపు చూస్తూ ఆగాడు. ఆమె చెయ్యెత్తింది. అప్పుడు విమానం కదిలింది.

పక్క సీట్లో పక్షుల్ని చూడ్డానికి వచ్చిన వేరే ఊరాయన ఉన్నాడు. "ఈ గాలిలో ఎవరండీ పాపం అక్కడ?" అన్నాడు.

"నా భార్య" అన్నాడు ఎర్లెండ్, ఇంజను మోత మీద వినబడేలా గొంతు పెంచి. "ఆమె అక్కడ నిలబడకపోతే మనం ఇక్కణ్ణుంచి కదలం."